బొట్టుకు అటూ ఇటూ రెండు గీతలు

2023 ఫిబ్రవరిలో, ప్రాక్టికల్ పరీక్షలకు ముందు రికార్డుల మీద సంతకాలు చేస్తున్న రోజుల్లో, రెండో సంవత్సరం బైపీసీ చదివే ఒక అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చి, రికార్డు చేతికివ్వకుండా రెండడుగులు వెనక్కి వేసి, "మేడమ్, మీరు కోపంగా ఉన్నట్టున్నారు, రేపు వస్తాను" అంది. నాకు కోపమేమీ లేదు. ఆ సమయంలో నేను డబ్బాలో తెచ్చుకున్న ఉగ్గాని గురించి ఆలోచిస్తున్నాను.

ఇంటికి వచ్చాక కిటికీ తలుపు తెరిచి అద్దం ముందు నిలబడ్డాను. కనుబొమల మధ్య, బొట్టుకు అటొకటి, ఇటొకటి, కాపలా కాస్తున్నట్టు రెండు నిలువు గీతలు ఉన్నాయి. పాతికేళ్లుగా రోజూ అదే అద్దంలో చూసుకుని బొట్టు పెట్టుకుంటున్నాను గానీ, చూపంతా బొట్టు నడిమధ్యన కుదిరిందా లేదా అన్నదాని మీదే ఉండేది కాబట్టి, ఆ గీతలు ఎప్పుడు వచ్చి స్థిరపడ్డాయో గమనించనే లేదు. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. అనంతపురంలోని ఒక జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెబుతాను. ముఖానికి సూది మందు వేయించుకోవడం సినిమా వాళ్ల వ్యవహారమని అంతవరకూ అనుకున్నదాన్ని, ఆ వారం నుంచి సాయినగర్ వైపు వెళ్లినప్పుడల్లా చర్మ వైద్యుల బోర్డుల మీద బొటాక్స్ అన్న మాట ఉందేమోనని చూడడం మొదలుపెట్టాను.

ఎప్పుడు వేయించుకోవచ్చు అని అడిగితే తెలిసినవాళ్లందరూ వయసుతోనే జవాబు చెప్పారు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అన్న కూతురు ముప్పై లోపే మొదలుపెట్టాలంది. మా వదిన యాభై దాటాక చూసుకోవచ్చులే అంది. మా అమ్మ ఆ మాటే ఎత్తవద్దంది. చదివి, అడిగి, ఆగి, చివరికి వేయించుకున్న తర్వాత నాకు అర్థమైనదేమిటంటే, ఈ నిర్ణయంలో అన్నిటికన్నా తక్కువ పనికొచ్చే అంకె వయసే. గీత ఎందుకు వచ్చిందో, ఆ కారణం ఇంకా నడుస్తూనే ఉందో లేదో తేల్చుకోకుండా సూది దగ్గరికి వెళ్లడం, కొళాయి కట్టకుండా నేల తుడుచుకోవడం వంటిది.

ఈ సంగతి నాకు మొదట తోచింది మా జేజిని తలుచుకున్నప్పుడు. ఆమె కళ్యాణదుర్గం వైపు పల్లెలో చెనక్కాయ చేలలో బతుకంతా గడిపింది. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా చెప్పుకునే మా అనంతపురానికి ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అంటే మిగిలిన రోజులన్నీ ఎండవే. అరవై ఏళ్లకే ఆమె ముఖం బీటలువారిన చెరువు మట్టిలా ఉండేది. అయితే ఆమెకు తలంటు పోసేటప్పుడు చూసేదాన్ని, రవిక చేతుల కింద దాగిన చర్మం మాత్రం నున్నగా, పల్చటి రంగులో, వేరే ఎవరిదో అన్నట్టు ఉండేది. ముఖానికీ భుజానికీ వయసు ఒకటే. తేడా ఎండది.

ఇదే విషయాన్ని 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒక్క ఫొటోతో చూపించింది. ఇరవై ఎనిమిదేళ్లు సరుకుల లారీ నడిపిన అరవై తొమ్మిదేళ్ల అమెరికా మనిషి ముఖమది. అక్కడ డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు గనుక, కిటికీ వైపు ఉన్న ఎడమ చెంప లోతైన ముడతలతో వేలాడుతూ ఉంటే, కుడి చెంప చాలా ఏళ్లు చిన్నవాడిదిలా ఉంది. కిటికీ అద్దం ఎండలోని యూవీబీ కిరణాలను చాలావరకు ఆపుతుంది గానీ యూవీఏ కిరణాలను అంతగా ఆపదు. చర్మం లోపలి పొరల్లోకి చొరబడి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను దెబ్బతీసేవి ముఖ్యంగా ఈ యూవీఏ కిరణాలే. మన దేశంలో ఇది కుడి పక్కన జరుగుతుంది. ఆ ఫొటో చూసిన తర్వాత, బెంగళూరు హైవే మీద లారీ డ్రైవర్ల కుడి మోచేతులను గమనించకుండా నేను ఏ బస్సు ప్రయాణమూ చేయలేకపోయాను.

ఆస్ట్రేలియాలోని నాంబోర్ అనే ఊళ్లో 903 మందిని నాలుగున్నరేళ్లు గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవారిలో చర్మం ముదరడం మిగిలినవారి కన్నా ఇరవై నాలుగు శాతం తక్కువగా కనిపించింది. స్కూటీల మీద వెళ్తూ చున్నీతో ముఖమంతా చుట్టుకుని కళ్లు మాత్రమే కనిపించేలా కాలేజీకి వచ్చే మా ఊరి అమ్మాయిలను చూసి పెద్దవాళ్లు దొంగల్లా ఉన్నారని నవ్వుతారు గానీ, ఆ చున్నీ ఏ క్లినిక్కులోనూ దొరకని చికిత్స అని నాకిప్పుడు అనిపిస్తుంది.

ఇక సూది మందు ఏం చేస్తుందో నేను ఎవరి దగ్గరా ప్రత్యేకంగా నేర్చుకోవలసిన పని లేకపోయింది. ప్రతి ఏడాదీ నాడీ కండర సంధి గురించి పాఠం చెబుతున్నదాన్ని. నాడి చివర నుంచి అసిటైల్ కోలిన్ అనే రసాయనం విడుదలైతేనే కండరం ముడుచుకుంటుంది. బొటాక్స్‌లో ఉండే బొటులినం టాక్సిన్ అనే విషం ఆ విడుదలకు అవసరమైన స్నాప్-25 అనే ప్రోటీన్‌ను తెంపివేస్తుంది, కాబట్టి ఆజ్ఞ నాడి చివర దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. కండరం చావదు, చర్మం నిండదు, ముడుచుకోవడం మాత్రమే తగ్గుతుంది. కొన్ని వారాల తర్వాత నాడి కొత్త మొలకలు వేసి, పాత దారినీ బాగు చేసుకుని, మూడు నాలుగు నెలలకు కండరాన్ని మళ్లీ కదిలిస్తుంది. అందువల్ల ఈ మందు పనిచేసేది కదలిక వల్ల పడే గీతల మీదే: కనుబొమల మధ్య నిలువు గీతలు, నుదుటి అడ్డ గీతలు, నవ్వినప్పుడు కంటి కొనల దగ్గర విచ్చుకునే గీతలు. ముక్కు పక్క నుంచి నోటి కొన దాకా దిగే మడతకు ఇది మందు కాదు. అక్కడ లోపల పూడిక తగ్గింది గనుక హైల్యూరోనిక్ ఆసిడ్‌తో చేసిన ఫిల్లర్ అనే జెల్‌ను నింపుతారు. రెండూ సూదితోనే వేస్తారు కాబట్టి జనం రెండింటినీ ఒకటే అనుకుంటారు, క్లినిక్కులు కూడా ఆ అపోహను తీర్చడానికి తొందరపడవు.

బొటాక్స్ చరిత్ర మా పిల్లలకు చెబితే నోళ్లు తెరుచుకుని వింటారు. 1895లో బెల్జియంలోని ఎలెజెల్ అనే ఊళ్లో, ఒక అంత్యక్రియలకు వచ్చిన వాద్యగాళ్లు ఊరబెట్టిన పంది మాంసం తిని పక్షవాతం వచ్చినట్టు పడిపోయారు, ముగ్గురు చనిపోయారు. ఆ మాంసంలో నుంచి ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త ఈ విషాన్ని తయారుచేసే బాక్టీరియాను వేరుచేశాడు. అదే విషాన్ని అతి స్వల్ప మోతాదులో మెల్లకంటికి మందుగా మార్చినవాడు శాన్ ఫ్రాన్సిస్కో కంటి వైద్యుడు ఆలన్ స్కాట్. 1989లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. కెనడాలోని వాంకూవర్‌లో కంటి వైద్యురాలు జీన్ కారథర్స్, కనురెప్పలు బిగుసుకుపోయే జబ్బుకు ఈ మందు వేస్తుండగా, నుదుటి గీతలు కూడా పోతున్నాయని ఒక రోగి గమనించి చెప్పడంతో, చర్మ వైద్యుడైన తన భర్త అలస్టేర్‌తో కలిసి పరిశీలించి 1992లో ప్రచురించింది. గీతల కోసం వాడడానికి అమెరికా అనుమతి 2002లో వచ్చింది, అదీ కనుబొమల మధ్య గీతలకే మొదట. నా బొట్టు పక్క గీతలతోనే ఈ వ్యవహారమంతా మొదలైందన్నమాట.

మే నెలలో స్పాట్ వాల్యుయేషన్ ముగిశాక సాయినగర్‌లో ఒక చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్లాను. ఆమె సూది మాట ఎత్తకుండా, గోడ మీద క్యాలెండరులో చిన్న అక్షరాలు చదవమంది. చదివాను. "ఇప్పుడు మీ ముఖం ఏం చేసిందో చూశారా?" అని చేతి అద్దం అందించింది. కనుబొమలు రెండూ దగ్గరికి లాక్కుని, కళ్లు చిన్నవి చేసుకుని, నేను ఆ క్యాలెండరును తిడుతున్నట్టు చూస్తున్నాను. చత్వారం వచ్చి రెండేళ్లయినా అద్దాలు పెట్టుకోవడం ఇష్టం లేక, రోజుకు ముప్పై జవాబు పత్రాల చొప్పున దిద్దుతూ, ఆ కండరానికి నేనే కసరత్తు చేయిస్తున్నాను. నలభై దాటాక వచ్చేది గనుకనే దానికి చత్వారమని పేరని పిల్లలకు చెప్పే మనిషినే ఇలా చేశాను. ముందు కంటి డాక్టరును కలిసి అద్దాలు రాయించుకోమనీ, బయటికి వెళ్తే నల్లద్దాలు పెట్టుకోమనీ, ఆరు నెలల తర్వాత రమ్మనీ ఆమె చెప్పింది. డబ్బు తీసుకుని సూది వేయడానికి సిద్ధంగా ఉన్న మనిషిని ఆరు నెలలు ఆపిన డాక్టరు మీద నాకు అప్పుడే గురి కుదిరింది.

ఆ ఆరు నెలలకు ఆమె రాసిచ్చింది రెండే. పగలు ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని, యూవీఏను కూడా ఆపే సన్‌స్క్రీన్: ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవున పిండుకుని రాసుకోవాలి, ఎండలో ఉంటే రెండు గంటలకొకసారి మళ్లీ రాయాలి. మన చామనఛాయ చర్మానికి మెలనిన్ ఎక్కువ కాబట్టి ముడతలు తెల్లవాళ్ల కన్నా ఆలస్యంగా వస్తాయనీ, కానీ మంగు మచ్చలు ముందుగా వస్తాయనీ, నా చెంపల మీది మంగు కోసం ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ వాడమనీ చెప్పింది. రాత్రికి ట్రెటినోయిన్ క్రీము, శనగగింజంత, మొదట్లో వారానికి రెండు రాత్రులు. అది కొల్లాజెన్ తయారీని పెంచుతుందని ఎన్నో ఏళ్లుగా తెలిసినదే అయినా, మొదటి నెల చర్మం పొట్టు లేచి మండుతుంది, ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది, గర్భవతులు వాడకూడదు. ఇక్కడొక మాట చెప్పకుండా ఉండలేను: ముఖం తెల్లబడాలని మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు దీనికి పూర్తిగా వ్యతిరేకంగా పనిచేసి, చర్మాన్ని ఉల్లిపొరలా పల్చబరుస్తాయి. మా స్టాఫ్ రూములోనే ఇద్దరి బ్యాగుల్లో అవి ఉన్నాయి.

ఆరు నెలల్లో నుదురు తేటపడింది, కంటి కొనల గీతలు నేను పట్టించుకోనంతగా మెత్తబడ్డాయి. బొట్టు పక్క గీతలు మాత్రం అద్దాలు పెట్టుకున్నా, చిట్లించుకోవడం మానినా, తెల్లవారి నిద్ర లేవగానే, ముఖంలో ఏ భావమూ లేని ఆ నిమిషంలో కూడా అలాగే కనిపించేవి. ముఖం కదిలినప్పుడే పడి ఆ వెంటనే పోయే గీతకూ, ముఖం ఊరికే ఉన్నా నిలిచి ఉండే గీతకూ ఉన్న తేడా నాకు ఆ ఉదయాల్లోనే తెలిసింది. ఇస్త్రీ చీర మీద ఒకసారి కూర్చుంటే పడిన ముడత దులిపితే పోతుంది, ఏళ్ల తరబడి అదే మడతలో బీరువాలో ఉంచిన పట్టుచీరకు మడత దగ్గర దారమే తెగుతుంది. గీత మొదటి దశ నుంచి రెండో దశకు జారుతున్న కాలమే సూది గురించి ఆలోచించడానికి తగిన కాలమని డాక్టరమ్మ అంది. పూర్తిగా రెండో దశకు చేరాక ఈ మందు గీత లోతును తగ్గిస్తుందే తప్ప దాన్ని చెరిపివేయదు.

మా అన్న కూతురికి ఇరవై ఆరేళ్లు. గీత పడకముందే వేయించుకుంటే పడనే పడదని ఆమె వాదన. 2006లో ప్రచురితమైన ఒక నివేదికను చూపించింది: ఒకే రూపు కవల అక్కచెల్లెళ్లలో పదమూడేళ్లపాటు క్రమం తప్పకుండా వేయించుకున్న ఆమె ముఖంలో నిలిచిన గీతలు లేవు, రెండుసార్లే వేయించుకున్న ఆమెకు ఉన్నాయి. చదివాను, నిజమే. కానీ అది ఇద్దరు మనుషుల కథ. పైగా వారు ఒకరు లాస్ ఏంజెలిస్‌లో, మరొకరు మ్యూనిక్‌లో బతికినవారు. ఇరవై ఆరేళ్ల నున్నటి నుదుటి మీద ఏడాదికి మూడుసార్లు ఖర్చు పెట్టి, రాని గీతను రాలేదని లెక్క వేసుకోవడం నాకు సమంజసంగా తోచలేదు. "అయితే నీకు మాత్రం ఎందుకత్తా?" అని అడిగింది. గట్టి ప్రశ్నే. నాకు చిన్నగా కనిపించాలని లేదు, కోపం లేనప్పుడు కోపంగా కనిపించకూడదని ఉంది అన్నాను. ఆమె నమ్మిందో లేదో గానీ, నేను మాత్రం ఆ జవాబును చాలా రోజులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. అందులో ఓ పావువంతు అబద్ధముంది.

భయపెట్టిన సంగతి కూడా ఒకటుంది. మా కళాశాలలో పనిచేసి బెంగళూరుకు వెళ్లిపోయిన ఒక స్నేహితురాలు, తగ్గింపు ధర అని ఒక బ్యూటీ పార్లరులో నుదుటికి వేయించుకుంది. నాలుగో రోజుకు ఎడమ కనురెప్ప సగం కిందికి వాలింది. మందు అనుకున్న చోట కాకుండా కనురెప్పను ఎత్తే కండరంలోకి చేరితే అలా అవుతుంది. మందు ప్రభావం తగ్గాక దానంతట అదే సర్దుకుంటుంది గానీ, ఆమె ఐదు వారాలు నల్లద్దాలతో ఆఫీసుకు వెళ్లింది. వేసినవాళ్ల చదువేమిటని అడిగితే ఆమెకు తెలియదు, సీసా మీద ఏ కంపెనీ పేరుందో చూడలేదు. ఈ మందు పొడి రూపంలో, ఫ్రిజ్‌లో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండవలసినది, ఉప్పు నీటితో కలిపి వాడేది. వేసేవారు ఎం.డి. డి.వి.ఎల్. చదివిన చర్మ వైద్యులో, ప్లాస్టిక్ సర్జన్లో అయి ఉండాలి, సీసా మన ముందే తెరవాలి, ఎన్ని యూనిట్లు వేశారో కాగితం మీద రాసివ్వాలి. ఫిల్లర్ విషయంలో అయితే ఇంకా జాగ్రత్త అవసరం, ఎందుకంటే జెల్ రక్తనాళంలోకి వెళ్తే చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా చూపు కూడా పోవచ్చు. కనుబొమల మధ్య భాగమూ ముక్కూ ఆ ప్రమాదం ఎక్కువగా ఉన్న చోట్లు. నా గీతలకు ఫిల్లర్ మాట డాక్టరమ్మ దగ్గరికే రానివ్వలేదు.

గర్భవతులు, పాలిచ్చే తల్లులు, మయస్తీనియా గ్రావిస్ వంటి కండర బలహీనత జబ్బులున్నవారు, ఆ చోట పుండో చీముపొక్కో ఉన్నవారు దీని జోలికి వెళ్లకూడదు. వాడే మందులన్నీ డాక్టరుకు చెప్పాలి. జెంటామైసిన్ జాతి యాంటీబయాటిక్‌లతో ఈ మందు ప్రభావం పెరగవచ్చు.

డబ్బు లెక్క నేను స్పాట్ వాల్యుయేషన్ పత్రాల వెనకే వేశాను. నాకు చెప్పిన ధర యూనిట్‌కు 350 రూపాయలు. కనుబొమల మధ్యకు 20 యూనిట్లంటే 7,000. అందం కోసం చేసే చికిత్సకు వైద్య సేవల మినహాయింపు లేదు గనుక పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపి 8,260. నుదురూ కంటి కొనలూ కూడా కలిపితే 64 యూనిట్లు, అంటే 26,432. నాలుగు నెలలకొకసారి చొప్పున ఏడాదికి దాదాపు ఎనభై వేలు, బీమా ఒక్క రూపాయి ఇవ్వదు. ధర్మవరం చీర అయితే కనీసం బీరువాలో ఉంటుంది అనుకున్నాను. అందుకే ఒక్క చోటికే పరిమితమయ్యాను. మొదటి విడత ఖర్చు చూసి దిగేవాళ్లు మూడో విడతకు అప్పుల లెక్క చూసుకోవలసి వస్తుంది.

ఫిబ్రవరిలో మా చెల్లెలి కొడుకు పెళ్లి ఉంది, దానికి రెండు రోజుల ముందు వేయించుకుందామనుకున్నాను. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. మందు పని మూడు నాలుగు రోజులకు మొదలై పూర్తి రూపం రెండు వారాలకు తేలుతుంది, సూది చోట కమిలితే వారం పడుతుంది, ఒక కనుబొమ ఎత్తుగా ఉంటే సరిచేయడానికి మరోసారి రావాలి. మొదటిసారి వేయించుకునేవారు శుభకార్యానికి కనీసం నెల ముందే వేయించుకోవాలని చెప్పి, సంక్రాంతి వెళ్లాక రమ్మంది.

2024 జనవరి మూడో వారంలో వేయించుకున్నాను. ఐదు చోట్ల నాలుగేసి యూనిట్లు, మొత్తం ఐదు నిమిషాల పని, గండుచీమ కుట్టినంత నొప్పి. దోమ కాట్లలా లేచిన పొక్కులు అరగంటలో అణిగిపోయాయి. నాలుగు గంటలు పడుకోకూడదనీ, ఆ చోట రుద్దకూడదనీ అంది. ఆ పూట కుంకుమ అద్దుకోకుండా ఇంటికి వస్తే మా అమ్మ గుమ్మంలోనే నిలబెట్టి నుదురు ఎందుకు బోసిగా ఉందని అడిగింది. చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మరుసటి రోజు కొద్దిగా తలనొప్పి వచ్చింది. ఐదో రోజు చిట్లించబోతే కనుబొమలు కదలలేదు. కదలని వింత కన్నా, నేను రోజుకు ఎన్నిసార్లు అలా చిట్లిస్తానో తెలియడం ఎక్కువ వింతగా అనిపించింది. రెండు వారాలకు గీతలు పూర్తిగా పోలేదు, పెన్సిలు గీతను రబ్బరుతో చెరిపితే మిగిలే జాడలా ఉన్నాయి.

మే చివరికి కదలిక తిరిగి వచ్చింది. వెంటనే వెళ్లలేదు. తిరిగి వచ్చిన గీత నన్ను ఎంత బాధిస్తుందో చూద్దామనుకున్నాను, అంతగా బాధించలేదు, కాబట్టి రెండోసారి వేయించుకోవడానికి పదకొండు నెలలు పట్టింది. మూడు నెలల లోపే మళ్లీ మళ్లీ వేయించుకుంటే శరీరం ఆ మందుకు ప్రతిదేహాలు తయారుచేసుకుని లొంగకుండా పోయే అవకాశం ఉంటుంది గనుక, ఆలస్యం వల్ల నష్టమేమీ లేదని డాక్టరమ్మ కూడా అంది.

ఈమధ్య పత్రాలు దిద్దుతుంటే అక్షరాలు మళ్లీ మసకగా కనిపిస్తున్నాయి. అద్దాల నంబరు మారి ఉంటుంది. వచ్చే వారం ముందు కంటి డాక్టరును కలవాలి. సాయినగర్ సంగతి ఆ తర్వాత.